తోక పోయిన మేకపిల్ల, పదిహేడో నంబరు

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనుక ఫంక్షన్ హాళ్లు అడిగినవారికి అడిగినట్లు దొరుకుతాయి. పిల్లల పుస్తకాలు రాసేవారి కోసం ఏర్పాటైన రెండు రోజుల శిబిరానికి ఎడపల్లి పొలిమేరలోని ఆ హాలు కుదరడానికి అంతకు మించిన కారణం లేదు. యజమాని తాళంచెవి ఇచ్చాడే గాని వేదిక మీది పెళ్లికుర్చీలను తీయించలేదు. అందువల్ల హైదరాబాదు నుంచి వచ్చిన సంపాదకురాలు శిరీష, జరీ అంచుల ఎర్ర మఖమలు కుర్చీలో, పక్కన వరుని కుర్చీ ఖాళీగా ఉండగా, మోకాళ్ల మీద నోటుబుక్కు పెట్టుకొని కూర్చోవలసి వచ్చింది.

వేదికకు ఎదురుగా పదిహేడుగురు రచయితలు. వారందరి వెనుక, ఫ్యాను గాలి కూడా అందని మూలన కూర్చున్నది కుల్సుమ్. ఆమెకు నలభై ఏడేళ్లు. బోధన్‌లో అంగన్‌వాడీ టీచరు. భర్త రయీస్ అదే ఊరి బజారులో దర్జీ. అతని దుకాణంలో మిగిలిన అస్తరు ముక్కలు, బురఖా గుడ్డ, బడిపిల్లల చొక్కాల కత్తిరింపులు కలిపి కుట్టిన ఎనిమిది పేజీల పుస్తకం ఆమె ఒడిలోని సంచిలో ఉంది.

ఆ పుస్తకంలో అక్షరం లేదు. ఒక నల్ల మేకపిల్ల పొద్దున్నే లేచి చూసుకొంటే తోక కనబడదు. మంచం కింద, బావిగట్టున, చెరకు బండి మీద, మసీదు మెట్ల దగ్గర, పేజీకొక చోట అది వెదుకుతూ పోతుంది. తోక మాత్రం దారంతో పుస్తకానికే వేలాడుతూ ఉంటుంది. దాని చివర ఒక టిచ్ బటన్. పుస్తకం పట్టుకొన్న పిల్లవాడు ప్రతి పేజీలోనూ దానిని ఎక్కడెక్కడో అతికించి చూసి, చివరి పేజీలో, పై అంచు మాత్రమే కుట్టిన మేకను పైకెత్తి, దాని కిందనే ఉన్న అసలు స్థానంలో నొక్కుతాడు. టిక్కుమన్న చప్పుడు వినబడగానే నవ్వుతాడు.

కుల్సుమ్ కేంద్రానికి వచ్చే పిల్లలు ఇరవై ఇద్దరు. కొందరి ఇండ్లలో ఉర్దూ, కొందరి ఇండ్లలో తెలుగు, సరిహద్దు దాటి వచ్చిన రెండు మూడు కుటుంబాలలో మరాఠీ. అక్షరం లేదు గనుక ఏ తల్లికి ఆ తల్లి తన భాషలో చెప్పుకొంటుంది. అయితే పుస్తకం ఒక్కటే. రోజుకొకరు చొప్పున ఇంటికి తీసుకుపోతారు. ఒకసారి తీసుకుపోయిన బిడ్డకు మళ్లీ వంతు రావడానికి నెల కావస్తుంది. ఈలోగా ఏడుపులు, పెనుగులాటలు, తల్లుల మూతివిరుపులు. ఇది అచ్చయి ఇంటింటికీ ఒకటి చేరితే తప్ప ఆ గొడవ తీరదు. శిబిరం మాట వినగానే ఆమె రెండు సెలవు దినాలనూ, ఇంట్లో పేరుకొన్న బట్టల ఉతుకునూ వదలి పరుగెత్తి వచ్చింది అందుకే.

శనివారం ఉదయం శిరీష లేచి నిలబడి చెప్పింది. "మా సంస్థ ఈ ఏడాది ఒక్క కొత్త పుస్తకమే వేయగలదు. ఇక్కడ నేను స్వయంగా విన్నవాటిలోంచే ఎంచుకుంటాను. రేపు నాలుగింటికి నేను బయలుదేరాలి. దయచేసి అందరూ క్లుప్తంగా చదవండి."

క్లుప్తంగా అన్న మాట అక్కడ ఎవరి చెవికీ సోకలేదు.

నిర్వాహకుడు లక్ష్మీరాజం అప్పటికే అందరి చేతా ఒక పత్రం నింపించి ఉన్నాడు. పేరు, ఊరు, రచన పేరు, రచన మొదలుపెట్టిన తేదీ. ఆ నాలుగో గడి ఎందుకో కుల్సుమ్‌కు తోచలేదు. సంచిలో ఉన్న పుస్తకాన్ని ఎన్నడు కుట్టనారంభించిందో గుర్తు చేసుకొని 'జూన్ ఎనిమిది' అని నిజాయితీగా రాసింది. గంట తరువాత చీటీలు చేతికి వచ్చాయి. ఆమె చీటీ మీద పదిహేడు అని ఉంది.

"ఇదేంది సారు? అందరికంటె ముందు వచ్చింది నేను. ఏడు గంటల బస్సుకే దిగిన. గేటు తాళం తీసేటప్పుడు మీ పక్కననే ఉన్న గద!"

"వచ్చుడు లెక్క గాదు బిడ్డా, నాటుడు లెక్క," అన్నాడు లక్ష్మీరాజం, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి.

డెబ్బై రెండేళ్ల ఈ మనిషి ముప్ఫై ఒక్క సంవత్సరాలు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఫీల్డ్‌మన్‌గా పనిచేశాడు. ఏ రైతు ఏ రోజున చెరకు నాటాడో వెళ్లి చూసి రాసుకోవడం, ఆ తేదీల వరుసనే కోతకు ఆర్డరు ఇవ్వడం అతని పని. ముందు నాటినవానిది ముందు పండుతుంది, ముందు పండినది ముందు నరకాలి, ఆలస్యమైతే గడలో బరువు తగ్గుతుంది. పెద్ద భూస్వామి వచ్చి బతిమాలినా, తన సొంత మేనల్లుడు వచ్చి కాళ్లు పట్టుకొన్నా ఆ వరుస తప్పించలేదని అతనికి పేరు. పదవీ విరమణ తరువాత పిల్లల పాటలు రాయడం మొదలుపెట్టాడు. మనిషి మాత్రం మారలేదు. కథలు చదివించవలసి వచ్చినప్పుడు అతనికి తెలిసిన న్యాయం అదొక్కటే అయింది.

ఇంకొక ఊరిలోనైతే దీనిని విని నవ్వేవారేమో. ఇక్కడ కూర్చున్న పదిహేడుగురిలో పన్నెండు మంది చెరకు పండించే ఇండ్లవారు. వారికి అది ఎంతో సబబుగా కనబడింది. అయితే చీటీలు అందుకొని, తేదీలు అడిగింది ఎందుకో పసిగట్టిన క్షణాన, చెరకు ఇండ్లలో జరిగేదే ఇక్కడా జరిగింది. ప్రతివారి కథా ఒక్కసారిగా పాతబడింది.

"నాది ఎనభై ఆరు ఆగస్టు," అని కోటగిరి నుంచి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు భానుప్రసాద్ లేచాడు. "పంద్రాగస్టు నాడు జెండా ఎగరేసి వచ్చి మొదటి వాక్యం రాసిన."

"సాక్ష్యం?" అన్నాడు లక్ష్మీరాజం.

"సాక్ష్యమా! ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరిది."

"నోరు కాదు సారు, నోటుబుక్కు సూపెట్టుండ్రి."

భానుప్రసాద్ చూపించాడు. పసుపురంగు తిరిగిన ఆ పుస్తకం అట్టను లక్ష్మీరాజం వెలుతురుకు ఎత్తి, కాగితాన్ని వేలితో రుద్ది, పాతదనం నిర్ధారించి, మొదటి నంబరు ఇచ్చాడు. మరొకాయన భార్యకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, "మన పెద్దోడు పుట్టిన ఏడే గద నేను కుందేలు కథ షురూ చేసింది?" అని అడిగాడు. ఆ ఇల్లాలు, "ఏ కుందేలు?" అన్నది. ఆయనకు పద్నాలుగో నంబరు వచ్చింది. ఇంతలో మధ్యాహ్న భోజనం వేళ అయింది.

కుల్సుమ్ ఊరుకొన్నది. పదిహేడైతే పదిహేడు, రెండు రోజులున్నాయి కదా అనుకొన్నది. అక్కడే ఆమె లెక్క తప్పింది.

భానుప్రసాద్ కథ గంటా నలభై నిమిషాలు నడిచింది. అందులోనూ ఒక కుందేలే; అది అబద్ధం ఆడి, దొంగతనం చేసి, పెద్దలను ఎదిరించి, నీరు వృథా చేసి, ప్రతి తప్పుకూ ప్రత్యేకంగా ఒక నీతి నేర్చుకొన్నది. కుల్సుమ్ వేళ్ల మీద పదకొండు నీతుల వరకు లెక్కపెట్టి ఆపై విసిగి ఊరుకొన్నది. మూడేళ్ల పిల్లవాని ముందు ఇది చదివితే మొదటి నీతికే లేచి పోయి బొమ్మల బుట్టలో తల పెడతాడు. అంతటితో ముగియలేదు. తన వంతు అయిపోయిన భానుప్రసాద్, ప్రతి ఒక్కరూ చదివిన తరువాత లేచి, ఆ కథలో నీతి ఎక్కడ లోపించిందో చెప్పే బాధ్యత తనకు తానే తీసుకొన్నాడు. మైకు నడుమ నడుమ కీచుమన్నది. శనివారం చీకటి పడే వేళకు చదివినవారు నలుగురు.

ఆదివారం పొద్దున టీ దగ్గర కుల్సుమ్ లక్ష్మీరాజాన్ని మళ్లీ పట్టుకొంది.

"సారు, నాది చదివే కథ గాదు. సూసేటిది. పది నిమిషాలు చాలు. మధ్యల ఒక్క పది నిమిషాలు ఇప్పించుండ్రి."

"అట్ల అందరు అడుగుతరు బిడ్డా. ఒక్కనికి గేటు తీస్తె వంద బండ్లు లోపలికి వస్తయి."

"నేను బండి గాదు సారు, మనిషిని."

"గందుకే మర్యాదగ చెప్తున్న."

మధ్యాహ్నం ఆమె నియమాన్ని పక్కకు పెట్టి తానే శిరీష దగ్గరికి వెళ్లబోయింది. కాని వడ్డన దగ్గర శిరీషకు ఒక పక్క భానుప్రసాద్ నిలబడి, ఆమె పెరుగన్నం కలుపుకొంటుండగా, తన కథ రెండో భాగం వినిపిస్తున్నాడు. ఆ అమ్మాయి ముద్ద నోటిలో పెట్టుకోవడానికీ తల ఊపడానికీ మధ్య చిక్కుకొని ఉంది. కుల్సుమ్ సంచి తాడు చేతికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ, కొంతసేపు నిలబడి వెనుదిరిగింది. రయీస్ ఫోను చేశాడు.

"ఏమైంది, సూపెట్టినవా?"

"ఏం సూపెట్టుడు! ఈడ కథలను చెరకు లెక్క నరుకుతుండ్రు. నా వంతు వచ్చేవరకు నజియా పెండ్లి అయితది."

నజియా వారి కూతురు. దానికి పద్నాలుగేళ్లు.

"అరె, పరేషాన్ గాకు. రాకుంటె రాకపాయె. వచ్చెయ్యి."

"ఎట్ల వచ్చేస్త? రేపు పొద్దున హిబా వచ్చి సంచి అందుకుంటది. ఇరవై రెండు రోజులసంది ఎదురుసూస్తున్నది ఆ పిల్ల. దాని తర్వాత బంటి, బంటి తర్వాత ఇంకొకడు. ఇట్లనే నా రిటైరుమెంటు దాంక వంతులు పంచుకుంట కూసోవాల్నా?" అని కోపంగా ఫోను పెట్టేసింది. పాపం, అతని తప్పు ఏమీ లేదు.

మూడున్నరకు పన్నెండో నంబరు ముగిసింది. ఇంకా అయిదుగురు మిగిలారు. శిరీష తన చేతి గడియారాన్ని చూసుకొని, బ్యాగు దగ్గరికి జరుపుకొంది. పక్కన కూర్చున్న స్త్రీతో కుల్సుమ్, కాస్త గట్టిగానే అన్నది:

"పది నిమిషాల్ల సూపెట్టేటిది పదకొండేళ్లసంది సంచిల పెట్టుకొని తిరుగుతున్న. ఇంక ఇదేం ఖర్మ!"

ఆ స్త్రీ మోస్రా నుంచి వచ్చిన వసంతమ్మ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మూడెకరాల చెరకు సొంతంగా సాగు చేసుకొంటూ, మనుమరాండ్రకు చెప్పిన కథలను నోటుబుక్కులో రాసుకొన్నది. పదమూడో నంబరు ఆమెదే. చదవడానికి కళ్లజోడు తుడుచుకొంటున్నది. ఆ మాట విని తుడవడం ఆపింది.

"పదకొండేండ్లా? మరి జూన్‌ల మొదలువెట్టిన అని రాసినవట గద, చెల్లె?"

"గిది నాలుగో పుస్తకం అక్క. మొదటిది నజియాకు మూడేండ్లప్పుడు కుట్టిన. వారం వారం ఉతికి ఉతికి గుడ్డ పీలికలైతది. అదే మేక, అదే తోక, మల్ల కొత్తగ కుడుత. గిది కుట్టింది జూన్‌ల."

వసంతమ్మ లేచి, కుర్చీల మధ్య నుంచి నేరుగా లక్ష్మీరాజం బల్ల దగ్గరికి నడిచింది. "పదమూడో నంబరు, రా అమ్మా, మైకు ఈడుంది," అన్నాడతను.

"మైకు సంగతి తర్వాత. రాజం సారు, ఒక్క మాట చెప్పు. కొత్తగ నాటిన తోటకు ముందు కోతనా, నరికిన మోడు మీద మల్ల మొలిచిన తోటకు ముందు కోతనా?"

"గదేం ప్రశ్న? మోడు మీద మొలిచిందే ముందు పండుతది. సీజన్ తెరువంగనే ముందు దానికే ఆర్డరు."

"మరి ఈ కుల్సుమ్ కథ పదకొండేండ్ల కింద నాటింది. మూడుసార్లు నరికిన్రు. గిది నాలుగో మొలక. దీన్ని కొత్త నాటు కింద రాసి ఆఖరుకు నూకినవ్. ముప్ఫై ఒక్క ఏండ్లు నౌకరి జేసి గిదా నువ్వు రాసేది?"

వరుసగా ఉన్న చెరకు రైతుల ముఖాలలో ఒక వివేకం మెరిసింది. ఇద్దరు ముగ్గురు, "అది సరే," "అది కరెక్టే," అన్నారు. భానుప్రసాద్ ఏదో చెప్పబోయి లేచాడు గాని, పక్కవారు చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

లక్ష్మీరాజం తన నంబర్ల పుస్తకం తెరిచాడు. మనుషులు బతిమాలితే కరగనివాడు, తన నియమమే తనను నిలదీసేసరికి తట్టుకోలేకపోయాడు. కుల్సుమ్ పేరు ఎదుట ఉన్న 'జూన్ ఎనిమిది'ని ఒక్క గీతతో కొట్టి, పక్కన పొడి అక్షరాలు వేసి, "గలతీ నాదే. మొదలే అడగవలసింది," అన్నాడు. ఆ వెంటనే తేరుకొని, "గని అమ్మా, ఇప్పుడు ఈమెను పంపిస్తె నీ వంతు పోతది. మేడం నాలుగింటికి లేస్తరు," అన్నాడు వసంతమ్మతో.

"తెలుసు," అన్నది వసంతమ్మ. "నాకు గడియారం సూసుడు వచ్చు."

ఇంత పోట్లాడిన కుల్సుమ్ ఇప్పుడు వెనక్కి తగ్గింది. "అక్క, నువ్వు చదువు. నేను తర్వాత..." అనబోయింది.

"పో! రెండు రోజులసంది నా చెవుల పక్కన పండ్లు కొరుకుతున్నవ్. పోయి సూపెట్టు. లేకుంటె రాత్రంత నాకు ఫోన్ చేసి ఏడుస్తవ్."

కుల్సుమ్ వేదిక ఎక్కింది. వరుని కుర్చీ ఖాళీగా ఉండడం వల్ల, వేరే చోటు లేక, అందులోనే కూర్చుని, పుస్తకాన్ని శిరీష ఒడిలో పెట్టింది. ఏ ఉపోద్ఘాతమూ చెప్పలేదు. శిరీష మొదటి పేజీ తిప్పింది. మంచం కింద చూసింది. రెండో పేజీలో బావిగట్టు చూసింది. మూడో పేజీకి వచ్చేసరికి వేలాడుతున్న తోక చేతికి తగిలింది. దానిని చెరకు బండికి అతికించి చూసింది. అతకలేదు. నాలుగో పేజీలో మళ్లీ ప్రయత్నించింది. వెనుక వరుసలవారు లేచి వచ్చి వేదిక చుట్టూ మూగారు. ఆఖరి పేజీలో మేకను పైకెత్తి, బటన్ నొక్కగా టిక్కుమన్నది. శిరీష నవ్వింది. ఆ రెండు రోజులలో ఆమె నవ్వడం అదే మొదలు.

"దీనికి మాటలు?" అని అడిగింది.

"ఇండ్లల్ల ఉన్నయి మేడం. ఎవరి మాటలు వాళ్లకు."

"కాని పుస్తకం అంటే ఒక్క వాక్యమైనా..."

"ఏ భాషల రాయమంటరు? తెలుగుల రాస్తె హిబా వాళ్ల అమ్మ పక్కకు పెడ్తది. ఉర్దూల రాస్తె బంటి వాళ్ల అవ్వ పక్కకు పెడ్తది. ఇప్పుడైతె ఇద్దరు సదువుతుండ్రు."

"మేక తొందరపాటుకు ఒక నీతివాక్యం చివర..." అని భానుప్రసాద్ గొంతు వినబడింది. ఈసారి శిరీషే అతని వైపు చూసి, "వద్దండి," అన్నది.

గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపింది. బయట ఆటో వచ్చి హారను కొట్టింది. శిరీష పుస్తకాన్ని మూసి, రెండు చేతులతో పట్టుకొని, "కుల్సుమ్ గారు, దీన్ని నేను తీసుకువెళ్తాను. మావాళ్లు చేతితో పట్టుకుని చూడాలి. ఫోటోలతో ఇది తెలియదు. గుడ్డ మీదే అచ్చు వేయవచ్చేమో కనుక్కోవాలి," అన్నది.

కోరుకొన్న మాట అదే. అయినా కుల్సుమ్ చేయి చాపి పుస్తకం ఒక కొస పట్టుకొన్నది. "ఇప్పుడు ఇయ్యలేను మేడం."

"ఎందుకు?"

"రేపు హిబా వంతు."

శిరీష ఆమె వైపు నమ్మలేనట్లు చూసింది. కింద నిలబడి ఉన్న లక్ష్మీరాజం మాత్రం తల ఊపాడు. అది చూసి కుల్సుమ్‌కు ఒళ్లు మండింది. ఆ ముసలాయన మెచ్చుకొనే పని చేస్తున్నానే అని తనపైన కూడా కోపం వచ్చింది. అయినా కొస వదలలేదు.

"ఎల్లుండి బంటి వంతు. వాడు నాందేడ్ దిక్కు వాళ్ల అమ్మమ్మ ఇంటికి పోయిండు, శనివారం దాంక రాడు. వాడు వచ్చేదాంక వరుస ఆగుతది, అందాక మీకిస్త. మంగళవారం పది గంటలకు బోధన్ రాండ్రి. పిల్లలు ఎట్ల సూస్తరో మీరే సూడొచ్చు. శుక్రవారం లోపల తిరిగి నాకు చేరాలె. ఉతికి పంపాలె."

"మళ్లీ రావాలా!" అన్నది శిరీష. ఆటో మళ్లీ హారను కొట్టింది. ఆమె కుల్సుమ్ ముఖంలోకీ, తన చేతిలోని మేక వైపూ చూసి, నోటుబుక్కు తీసి, "అడ్రసు చెప్పండి," అన్నది కొంచెం విసుగుతోనే. రాసుకొని, పుస్తకం వదలి, బ్యాగు భుజాన వేసుకొని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

ఆటో చప్పుడు దూరమయ్యాక హాలులో సగం మంది తమ సంచులు సర్దుకొన్నారు. వినవలసిన మనిషే వెళ్లిపోయిన తరువాత చదవడం ఎందుకని పద్నాలుగో నంబరు పెద్దమనిషి బాహాటంగానే అన్నాడు. లక్ష్మీరాజం చలించలేదు. "పదమూడో నంబరు," అని పిలిచాడు.

వసంతమ్మ మైకు దగ్గరికి వెళ్లి కళ్లజోడు పెట్టుకొన్నది. బోధన్ బస్సుకు పావుగంట ఉంది. దాని తరువాత మళ్లీ గంటకు గాని లేదు. కుల్సుమ్ సంచి భుజానికి తగిలించుకొని తలుపు దాకా నడిచింది. అక్కడ నిలబడి వెనక్కి చూసింది.

"ఉంటవా, పోతవా?" అని వసంతమ్మ మైకులోనే అడిగింది. "పోతె పో. నాకేం బాధ లేదు."

కుల్సుమ్ వెనుదిరిగి వచ్చి, ఈసారి మొదటి వరుసలో, ఫ్యాను కింద కూర్చుంది. "చదువక్క," అన్నది.

వసంతమ్మ నోటుబుక్కు తెరిచింది. అది రెండు వందల పేజీల లావు పుస్తకం. కుల్సుమ్ దానిని చూసి, అమ్మో అనుకొన్నది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.